లేపిన బండి

మా వదినె కట్టమ్మ కాలం చేసిన ఏడు ఎండలు ఎట్ల కొట్టినయో నాకు యాదికి లేదు గని, మా అన్న బండి ఎట్ల కొట్టిందో నా నడుముకు ఇంక యాదికున్నది. ఎనభై ఆరుల మాట. మేడారం జాతర అయినంక వచ్చిన ఎండాకాలం.

మా అన్న పేరు మొగిలయ్య. నర్సంపేటల ఆయనకొక పాత జీపు ఉండేది. ముందట ముగ్గురు కూసునే సీటు, ఎనుక సామాను ఏసుకునే తొట్టి, ఆ తొట్టి మీద టార్పాలిన్ కప్పు. మిరుపకాయ బస్తాలు, పత్తి బోరాలు వరంగల్ మార్కెట్టుకు ఏసుకపోవుడు, మర్లి వచ్చేటప్పుడు కిరాణం సామాను తెచ్చుడు, గదే ఆయన బతుకుదెరువు. అన్నకు, వదినెకు పిల్లలు కాలేదు. నన్ను ఇచ్చిన ఇల్లు గూడ ఆ ఊళ్లెనే, రెండు గల్లీల అవతల. నేను ఆమెకు ఆడబిడ్డనని ఊరోళ్లకు యాది చెయ్యాల్సి వచ్చేది. ఒక్క చాటల బియ్యం చెరుగుకుంట ఇద్దరం ఒక్క తీరుగ నవ్వేటోళ్లం.

జాతరకు జనాన్ని ఏసుకపోవాలని అన్నకు మస్తు ఆశ ఉండె. తొవ్వ పొంటి వాగులు, బండలు. జీపు కడుపు నేలకు తగిలితే ఆడనే కూలబడ్తది. అందుకని వరంగల్ కాశిబుగ్గల వీరభద్రం మేస్త్రి షెడ్డుకు తీస్కపోయి బండి లేపిచ్చిండు. ఇరుసుకు బండికి నడుమ కమాను పట్టీలుంటయి గద, వాటికింద లారీ పట్టీలు ఎక్కువ ఏపిచ్చిండు, పెద్ద టైర్లు తొడిగిచ్చిండు. తెచ్చి ఇంటి ముందట ఆపితే, మేకపోతు మీద కూసున్న పిల్లగాని లెక్క ఉన్నది ఆ జీపు.

“ఎత్తు లేస్తే మెత్తదనం పోతది మొగిలన్నా అని మేస్త్రి అన్నడు,” అని ఆయననే చెప్పి నవ్విండు.

“మరి ఎక్కుడెట్ల?” అన్నది వదినె.

“నీకు పీట ఏస్త గదనే.”

జాతర మంచిగనే అయ్యింది. బండి ఏ వాగుల ఆగలే, ఏ బండకు తగల్లే. గద్దెల కాడ వదినె తన ఎత్తు బంగారం ఇచ్చింది. బంగారమంటే బెల్లమే, తల్లుల కాడ దాన్ని బెల్లం అనరు. తక్కెట్ల కూసున్నప్పుడు అన్న నాతోటి, “మీ వదినె ఏం తింటలేదా ఏంది, గింతే తూగింది,” అన్నడు. తర్వాత ఆమెనడిగిండు, “బండి కోసం మొక్కినవా?” అని. ఆమె “ఆఁ, బండి కోసమే,” అన్నది.

జనాన్ని మేడారంల దించి, మేం ముగ్గురమే ఖాళీ బండిల మర్లినం. అప్పుడు తెలిసింది ఆ బండి సంగతి. బస్తాలో మనుషులో నిండ ఉంటే పట్టీలు జర వంగి మెత్తగ పోయేది. ఖాళీగ ఉంటే మాత్రం ఒక్కొక్క గుంతకు కింది నుంచి రోకలితోటి పోటేసినట్టే. ఇంటికొచ్చేసరికి వదినె సీట్ల నుంచి లేవలేకపోయింది. అన్న పీట ఏసిండు. ఆమె ఒక కాలు పీట మీద పెట్టి, ఇంకో కాలు దించలేక, అట్లనే అన్న భుజం పట్టుకొని నిలవడ్డది.

“నడుము పట్టింది,” అన్నది.

అన్న ముఖం అప్పుడే మాడిపోయింది.

నువ్వుల నూనె రాసినం. ఉప్పు కాపడం పెట్టినం. ఊళ్లె డాక్టరు సూదులేసిండు. నొప్పి తగ్గుడు లేదు. ఉగాది దాటేసరికి ఆమె కూసుంటే నొప్పి, నిలవడితే నొప్పి. వరంగల్ పెద్ద దవాఖానల చూపిస్తే, నడుము అదిరిందని చెప్తే విని, మందులు రాసి, వారం వారం వచ్చి సూది ఏపిచ్చుకొమ్మన్నరు. బస్సుల కూసోలేదు. తొట్టిల బొంత పరిచి, దాని మీద పరుపేసి, ఆమెను పండవెట్టి, తలకాడ నేను కూసొని తీస్కపోయేటోళ్లం. ఏ బండి నడుము ఇరగ్గొట్టిందనుకున్నమో, ఆ బండిలనే దవాఖానకు.

గా దినాల నుంచి అన్నకు ఒక్కటే పని. బండి మెత్తగ చెయ్యాలె.

మొదలు టైర్లల గాలి తగ్గిచ్చిండు. తర్వాత తొట్టి నాలుగు మూలలకు ఇసుక బస్తాలేసిండు, బరువుంటే వంగుతదని. ప్రతి తాపకు తొవ్వల గిర్నిబావి ఊరి కాడ బండి ఆపి, ఎనుకకొచ్చి, తొట్టి పలక మీద గదుమ ఆనిచ్చి అడిగేటోడు.

“ఎట్లున్నదే ఇయ్యాల?”

“మంచిగనే ఉన్నది. పోయిన తాపకంటె నయం.”

ప్రతి తాపకు గదే జవాబు. ఆయన నా దిక్కు చూసేటోడు.

“ఆమె చెప్పది చెల్లె. నువ్వు చెప్పు. ఉత్తగ నయమంటే నేనేం పట్టుకోవాలె? ఎక్కడ కొడ్తాంది, ఎట్ల కొడ్తాందో చెప్తేనే గద దొరికేది.”

నేను ఉన్నదున్నట్టు చెప్పేదాన్ని. “చిన్న గుంతలకు ఏం కాలే అన్నా. పెద్ద గుంతల పడ్డప్పుడు పండ్లు కొట్టుకుంటానయి. పడ్డప్పటికంటె లేసేటప్పుడు ఇంక ఎక్కువ.”

“లేసేటప్పుడా?”

“ఆఁ. టక్కున గుంజినట్టు.”

ఆయన గా మాట నోట్లనే అనుకుంట పోయి స్టీరింగు కాడ కూసునేటోడు.

ఇంటికాడ ఉన్న దినాలల్ల గోనెసంచి పరుసుకొని బండి కిందనే పండేటోడు. మార్కెట్ సీజన్ నడుస్తాంది. మిరుపకాయ రైతులు వచ్చి, బండి కింద కాళ్లు చూసి, పిలిచి, జవాబు రాక మర్లిపోయేటోళ్లు. ఒకసారి ఎక్కువేసిన పట్టీలల్ల ఒకటి తీసేసిండు. ఒకసారి పట్టీ పట్టీకి నడుమ గ్రీజు రాసిండు, తుప్పుతోటి ఒకదానికొకటి అతుక్కపోయినయని. రబ్బరు బుష్షులు మార్చిండు. మోచేతుల దాక నల్లగ, ఎండకు కండ్లు ఎర్రగ, అన్నానికి పిలిస్తే “జర ఆగుండ్రి” అనేటోడు.

వదినె మంచం కిటికీ కాడ ఏసినం. ఆడ నుంచి చూస్తే ఆమెకు బండి కింద ఆయన కాళ్లే కనవడేటియి. ఆ కాళ్లను చూసుకుంట పండేది.

“నీళ్లియ్యి మల్లక్కా,” అనేది నన్ను. “నాక్కాదు, మీ అన్నకు. పొద్దటి నుంచి ఏం తాగలే.”

ఒకనాడు ఆయన బండి కింద నుంచి ఎగిరినట్టు లేసొచ్చిండు. తలకు ఏదో తగిలి నెత్తురొస్తాంది, అది గూడ ఆయనకు ఎరుక లేదు.

“దొరికింది చెల్లె. నువ్వు లేసేటప్పుడు గుంజుతాంది అన్నవు గద. షాకబ్జర్లు. బండిని లేపినం గని అవి పాతయే ఉంచినం, పొట్టియి. చెయ్యి మొత్తం చాపిన మనిషిని పట్టుకొని ఇంకింత గుంజినట్టు. చక్రం జర కిందికి దిగంగనే టక్కున పడ్తాంది. నెలల సంది నేను పట్టీల మీదనే పడి సస్తాన.”

లోపలికి పోయి వదినె మంచం కాడ కింద కూసున్నడు. “దొరికిందే,” అన్నడు ఆమెతోటి. “ఇంక నీకు నొప్పుండది.”

ఆమె ఆయన నెత్తి మీది నెత్తురు కొంగుతోటి తుడిచింది. “నాకు తెల్సు నువ్వు దాన్ని దొరకవడ్తవని,” అన్నది.

తెల్లారి దవాఖానకు పోయే దినమే. ముందుగాల కాశిబుగ్గకు పోయినం. వీరభద్రం మేస్త్రి అన్న చెప్పింది విని, బండి కిందికి దూరి చూసి, “నిజమే. లేపిన్నాడే మార్చాల్సింది. నాకు తట్టలే మొగిలన్నా,” అన్నడు. ఆ మనిషి దాచుకునేటోడు కాదు. మధ్యాహ్నం దాక పెట్టి పొడుగు షాకబ్జర్లు ఏసిండు. ఎక్కువున్న పట్టీలు మొత్తం తీసి, ఎత్తు జర తగ్గిచ్చి కట్టిండు. వదినెను షెడ్డు ఎనుక ఆళ్ల ఇంట్ల మంచమేసి పండవెట్టినం. పక్క ఇంట్ల మగ్గం ఆడుతాంది. గా చప్పుడు వినుకుంట ఆమె కండ్లు మూసుకున్నది.

పని అయినంక అన్న స్టీరింగు ముట్టలేదు. “నువ్వు నడుపు మేస్త్రీ,” అని తాను తొట్టిల ఎక్కి, వదినె పరుపు మీద, వదినె పండుకునే తీరుగనే పండుకున్నడు. నన్ను గూడ ఎక్కమన్నడు. ఏడేడ గుంతలున్నయో ఆయనకు ఎరుకే. అన్నిట్లకెళ్లి తిప్పమన్నడు. మేస్త్రి తిప్పిండు. నేను పలక గట్టిగ పట్టుకున్న, అలవాటు కొద్ది. పట్టుకునే పనే పడలె. బండి పడవ లెక్క వంగి లేసింది. టక్కుమనుడు లేదు, గుంజుడు లేదు.

మర్లి షెడ్డు కాడికొచ్చినంక మేస్త్రి ఎనుకకొచ్చి అడిగిండు. “ఏమన్న ఉన్నదా?”

“ఏం లేదు,” అన్నడు అన్న. పండుకున్నోడు పండుకున్నట్టే నవ్విండు. జాతర తర్వాత ఆయన నవ్వుడు నేను గప్పుడే చూసిన. “బండిల ఏం లేదు మేస్త్రీ.”

దవాఖానల సూది ఏపిచ్చుకొని పొద్దు గూకక ముందే ఇంటి దారి పట్టినం. కొత్తగ తారు పోసిన రోడ్డు కొంత ఉండేది, అద్దం లెక్క. బండి దాని మీదికి ఎక్కినంక చప్పుడే లేదు. వదినె తల నా ఒళ్లె ఉన్నది. కొంగు నోట్ల కుక్కుకొని ఉన్నది ఆమె. ఎప్పుడు గట్లనే చేసేది, చప్పుడు అన్నకు వినవడొద్దని. గా దినం కొంగు జారింది.

ఆమె మూలిగింది. పెద్దగ ఏం కాదు. గని బండి చప్పుడు లేకపాయె, అన్నకు వినవడ్డది.

అన్న బండి పక్కకు తీసి ఆపిండు. ఇంజను గూడ బంద్ చేసిండు. దిగి ఎనుకకొచ్చిండు. “ఏడ కొట్టింది?” అని అడగనీకి నోరు తెరిచిండు. వదినె మళ్ల మూలిగింది.

బండి ఆగే ఉన్నది.

ఆయన తొట్టి పలక మీద చెయ్యి ఏసి నిలవడ్డడు. ఆమెను చూసిండు. టైర్ల దిక్కు చూసిండు. మళ్ల ఆమెను చూసిండు. అవతల చేన్ల ఎవరో పశువులను మలుపుకపోతాండ్రు, గా గంటల చప్పుడు ఒక్కటే వినవడ్తాంది.

“కట్టమ్మా,” అన్నడు మెల్లగ.

వదినె కండ్లు తెరిచింది. కొంగు నోట్లకెళ్లి తీసేసింది. “బండిది కాదు,” అన్నది. “బండి ఎప్పుడో మంచిగైంది.”

అన్న టార్పాలిన్ ఒక అంచు గాలికి లేస్తాంటే దాన్ని పట్టి కట్టిండు. పోయి కూసొని బండి మలిపి మళ్ల వరంగల్ దిక్కు పట్టిండు.

ఆ తాప దవాఖానల వదినె అన్ని చెప్పింది. అంతకు ముందు నడుము తప్ప ఏం చూపియ్యలె గద ఆమె. ఒక డాక్టరమ్మ లోపలికి తీస్కపోయి చూసింది. ఫోటోలు తీసిండ్రు. రెండు దినాలు ఆడనే ఉంచుకున్నరు. తర్వాత డాక్టరమ్మ వరండాల మమ్ముల నిలవెట్టి చెప్పింది. రొమ్ముల పుట్టిన రోగమట. ఎముకలల్లకు దిగిందట. నడుము పూసల్ని తింటాందట. హైదరాబాదు తీస్కపోతే కరెంటు పెడ్తరు, రేడియేషనట, నొప్పి జర తగ్గొచ్చు, గంతకన్న చెప్పలేనన్నది. మంచి మనిషి, చెప్పుకుంట అన్న చెయ్యి పట్టుకున్నది.

అన్న ఒక్కటే అడిగిండు. “బండి కుదుపులకు రాలేదా?”

“లేదయ్యా,” అన్నది ఆమె. “అది ఎప్పటి నుంచో ఉన్నది. బండికి దీనికి సంబంధం లేదు.”

ఇంక ఎవరన్న అయితే గా మాటకు గుండె తేలికయ్యేది. మా అన్న గోడకు ఒరిగి కింద కూసున్నడు.

హైదరాబాదు వదినె రానన్నది. అన్న బతిమాలిండు, కొట్లాడిండు, అలిగిండు. ఆమె వినలె. ఇంటికొచ్చిన తెల్లారి, నేను జావ తాగిపిస్తాంటే ఆయన వచ్చి మంచం పట్టె మీద కూసున్నడు.

“ఎప్పటి సంది ఎరుక నీకు?” అని అడిగిండు.

“పత్తి ఏరేటప్పటి సంది. చేతికి తగిలింది గడ్డ. తల్లులకు మొక్కుకున్న. ఎత్తు బంగారం ఇస్త, పోవాలెనని.”

“బండి కోసమంటివి.”

“ఆఁ, అట్లనే చెప్పిన.”

“నాకెందుకు చెప్పలే? ఎండల బండి కింద పడి ఒక్కొక్క బోల్టు ఇప్పుకుంట సస్తాంటె చూసుకుంట పండుకున్నవు. ఒక్క మాట చెప్తే ఏం పోతుండె?”

వదినె జావ గిన్నె పక్కకు పెట్టమన్నట్టు నాకు సైగ చేసింది.

“మా అమ్మకు గూడ ఇదే అయితే మా నాయిన ఏం చేసిండో ఎరుకనా నీకు? ఏం చెయ్యలే. చెయ్యనీకి ఏం లేకపాయె. అరుగు మీద కూసొని ఉత్తగ ఏడ్సిండు, ఆమె పోయేదాక. నువ్వు బండి కింద పండుకొని ఉంటే, దొరుకుతది, మంచిగ చేస్త అనుకుంట ఉన్నవు. నిన్ను గట్ల చూస్తే నాకు గూడ నిజమే అనిపిచ్చేది. బండిదే అనిపిచ్చేది.”

అన్న ఆమె పాదాల మీద చెయ్యి ఏసిండు. నేను గిన్నె పట్టుకొని బయటికొచ్చిన. నా ముందట ఏడ్సుడు ఆయనకు ఇష్టముండది.

మందులు ఇచ్చిండ్రు. అవి ఏసుకున్నంక కొంతసేపు నొప్పి ఎనుకకు పట్టేది. అట్లాంటి ఒక మధ్యాహ్నం, మబ్బులు పట్టి ఎండ తగ్గిన దినం, వదినె “నన్ను బండిల తిప్పు,” అన్నది.

“దవాఖానకా?”

“దవాఖానకు కాదు. ఉత్తగ. పాకాల దిక్కు పోదాం. నేను ముందట కూసుంట.”

ఆమెను ఎత్తుకొచ్చి ముందటి సీట్ల కూసోవెట్టిండు. ఆమె నడుమ, నేను అంచుకు. దిండ్లు ఒత్తుగ పెట్టినం. అన్న ఎంత మెల్లగ నడిపిండంటే, సైకిల్ మీద పోయేటోడు మమ్ముల దాటిపోయి ఎనుకకు తిరిగి చూసిండు. పాకాల చెరువుల నీళ్లు అడుగు పట్టినయి. ఒడ్డున జరసేపు ఆగినం. చల్ల గాలి వచ్చింది. వదినె నీళ్లను చూసుకుంట, “వానలు పడ్తే మస్తుంటది,” అన్నది.

మర్లి వచ్చేటప్పుడు ఆమె తల మెల్లగ అన్న భుజం మీద వాలింది. నిద్రవోయింది. మంచం మీద ఏ పక్క తిరిగినా నిద్ర పట్టని మనిషి, ఆ బండిల, ఆ రోడ్డు మీద, నోరు జర తెరిచి, చిన్నపిల్ల లెక్క నిద్రవోయింది.

ఊరొచ్చింది. మా గల్లీ వచ్చింది. అన్న బండి ఆపలె. గల్లీ దాటిపాయె. నేను ఆయన దిక్కు చూసిన.

“ఆపితే లేస్తది,” అన్నడు, పెదవులతోటే.

వరంగల్ రోడ్డెక్కినం. గిర్నిబావి దాక పోయి మలుపుకొని వచ్చినం. మళ్ల గల్లీ ముందట నుంచి పాకాల దిక్కు. చెరువు దాక పోలె, నడుమల నుంచే మలిపిండు. వాడకట్టోళ్లు అరుగుల మీద నిలవడి, ఈళ్లకేమైందని చూసిండ్రు. గుంత కనవడితే దూరం నుంచే వేగం తగ్గిచ్చేటోడు. భుజం కదలొద్దని ఒక్క చేతితోటే స్టీరింగు తిప్పిండు. కండ్లకెళ్లి నీళ్లు కారుతానయి, తుడుసుకుందామంటే రెండో చెయ్యి ఆమె కింద ఉన్నది. నా కొంగుతోటి నేనే తుడిచిన. ఎన్ని తాపలు తిరిగినమో నాకు ఎరుక లేదు. దీపాలు పెట్టే యాళ్లకు డీజిల్ అయిపోవచ్చిందని ఇంటి ముందట ఆపిండు.

ఇంజను ఆగంగనే ఆమె లేసింది.

“అప్పుడే వచ్చినమా?” అన్నది.

“ఆఁ,” అన్నడు అన్న. “అప్పుడే.”

వానలు పడ్డయి. నాట్లు ఏసేటప్పుడు వదినె పోయింది. ఆఖరు దినాలల్ల మాట గూడ లేకుండె. అన్న చెయ్యి మాత్రం పట్టుకొని ఉన్నది.

దినవారాలు అయ్యేదాక ఇంటి నిండ జనం. పలకరియ్యనొచ్చినోళ్లల్ల బక్కమ్మ అని మా మేనత్త వరుస ముసలామె ఉండె. ఏం దాచుకోని మనిషి. అన్న ముందట కూసొని, ముక్కు చీదుకుంట అన్నది:

“జాతరకు పోయి ఆ లేపిన బండిల కుదిపి తెస్తివి బిడ్డా. ఆ కుదుపులకే నడుము ఇరిగిందట గద దానికి?”

నాకు ఒళ్లు మండింది. కాదని, డాక్టరమ్మ గిట్ల చెప్పిందని నేను నోరు తెరిచేలోపలనే అన్న తల ఊపిండు.

“అవునత్తా,” అన్నడు. “బండిదే.”

ముసలామె ఇంకింత ఏడ్సి, ఆయన గదుమ పట్టుకొని, లేసి పోయింది. నేను ఆగలేకపోయిన.

“గట్లెందుకన్నవ్ అన్నా? బండిది కాదు గద. నీకు ఎరుకే గద. ఊరంత రేపటి సంది నిన్నే అంటరు.”

వాకిట్ల సన్నగ వాన కురుస్తాంది.

“అననియ్యి చెల్లె,” అన్నడు ఆఖరుకు. “బండిదైతే నేను బాగు చేసిన గద.”